ఎనిమిదింటి రింగు

రైమొండా ఓర్రూ తన సెల్‌ఫోను మోగితే ఎత్తేది కాదు. ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఇటలీలో లీరాలు పోయి యూరోలు వచ్చిన కొత్తలో సంగతి ఇది. పిల్లా పెద్దా అందరి చేతుల్లోకీ సెల్లయితే వచ్చింది గానీ, అందులో తీరిగ్గా మాట్లాడుకునే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. అందుకని ఒక్క మోత మోగించి కట్ చేసేవాళ్ళు. రింగివ్వడం అనేవాళ్ళం దాన్ని. ఇల్లు చేరానని రింగు, కిందికి దిగి రమ్మని రింగు, అలిగినవాళ్ళని బతిమాలడానికి రింగు, ఏమీ లేకపోతే ఊరికే గుర్తొచ్చావని రింగు. అవతలివాళ్ళు తిరిగి ఒక రింగిస్తే మర్యాద దక్కినట్టు. పొరపాటున ఎత్తి హలో అన్నారో, ఇచ్చినవాళ్ళ కార్డు ఖాళీ అయ్యేది, వారం పాటు మాటలుండేవి కావు. ఆ కార్డులు అమ్మేది నేనే. చర్చి పక్క సందు మొదట్లో పొగాకు కొట్టు నాది. సిగరెట్లు, స్టాంపులు, బస్సు టికెట్లు, వాటి పక్కన ఈ రీఛార్జి కార్డులు. ఎవరు ఎవరికి రింగులిస్తున్నారో మా ఊరి ఫాదరు కంటే నాకే బాగా తెలుసు.

రైమొండా, నేను ఒకే వీధిలో పెరిగాం. ఆమెకు పుట్టుకతోనే తలసీమియా. మా సార్డీనియా దీవిలో, అందులోనూ మాలాగా ఉప్పునీటి సరస్సు ఒడ్డున బతికే ఊళ్ళలో, ఆ జబ్బు తగలని చుట్టరికం ఉండదు. ఒంట్లో రక్తం నిలవదు. నెల తిరక్కుండానే పట్నం ఆసుపత్రికి వెళ్ళి ఎక్కించుకోవాలి. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా ఒంట్లోకి వస్తుంది, వచ్చింది బయటికి పోదు. కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. దాన్ని బయటికి లాగే మందు ఉంది. అయితే ఆ రోజుల్లో అది మింగేసి చేతులు దులుపుకునేది కాదు. పొట్టమీద చర్మం కింద సూది గుచ్చుకుని, నడుముకు చిన్న పంపు కట్టుకుని, తెల్లారేదాకా చుక్కచుక్కగా ఎక్కించుకోవాలి. దాదాపు ప్రతి రోజూ. ఒక రోజు మానితే ఏమీ అవదు. వారం మానినా ఏమీ అవదు. పిల్లలు మోసపోయేది అక్కడే. ఏమీ అవడం లేదు కదా అని మానుకుంటూ పోతే, ఎప్పుడో ఒకనాడు మెట్లెక్కుతూ ఉండగా గుండె మొరాయిస్తుంది.

రైమొండా బతికి బట్టకట్టిందంటే ఆ సూది వల్లే. ఆమె అన్నకి అది అందే రోజులు కావు, చిన్నప్పుడే పోయి ఫోటోలోనే ఉండిపోయాడు. ఈమె నలభైకి దగ్గర పడ్డా బడిపిల్లంత ఎత్తు, ఎత్తైన చెంప ఎముకలు, చిన్న చేతులు. చేపల సహకార సంఘంలో పని. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప గుడ్ల తిత్తులని తుడిచి, తూచి, కాగితంలో చుట్టడం. ఒళ్ళంతా ఉప్పు వాసన, నోట్లో అంతకన్నా ఉప్పు. ఎవరైనా ‘పాపం’ అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. ఒకసారి కొత్తగా వచ్చిన ఫాదరు ఆమె తలమీద చెయ్యి పెట్టి ‘పాపం, చిట్టితల్లీ’ అన్నాడు. ‘నా వయసెంతో ముందు కనుక్కుని రండి ఫాదర్, తర్వాత దీవిద్దురు గాని’ అంది.

రక్తం ఎక్కించే గదిలో కుర్చీలన్నీ వరసగా ఉండేవి. అందరిలోకీ పెద్దది రైమొండా, మిగతావాళ్ళు చాలామంది పదమూడు నుంచి పద్దెనిమిది మధ్య పిల్లలు. వాళ్ళలో ఎఫీజియో అని ఒక కుర్రాడు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒక చలికాలం పొద్దున మంచం మీదే పోయాడు. మంచం కింద విప్పని మందు పెట్టెలు దొరికాయి. సమాధి దగ్గర రైమొండా ఏడవలేదు. పళ్ళు నూరుకుంటూ నిలబడింది. ఆ తర్వాత గదిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“రేపట్నుంచి ఎనిమిదింటికి మీకు రింగిస్తా. సూది గుచ్చుకుని, పంపు తిప్పి, అప్పుడు నాకు తిరిగి రింగివ్వండి. గుచ్చుకోకముందు కాదు. అర్థమైందా?”

“ఇవ్వకపోతే ఏం చేస్తావ్ పిన్నీ?” అన్నాడు ఒకడు. మా దగ్గర కాస్త పెద్ద వయసున్న ఏ ఆడదైనా పిన్నే.

“ఇంటికొస్తా. ఎవరున్నా సరే, ఏం జరుగుతున్నా సరే, వచ్చి నీ చొక్కా నేనే ఎత్తుతా.”

వట్టి మాటలనుకున్నారు. ఒకడు బారులో పేకాటలో కూర్చుని రింగు మర్చిపోతే, తలుపు దగ్గర నిలబడి వాడి ఇంటిపేరుతో సహా పిలిచింది. ఒకమ్మాయిని బాప్తిస్మం విందులో బల్లమీంచి లేపుకుపోయింది. దాంతో భయం పట్టుకుంది. భయం మెల్లగా అలవాటైంది. ఏడాది తిరిగేసరికి పిల్లల రక్తంలో ఇనుము దిగుతోందని డాక్టర్ ఫ్లోరిస్ అనే ఆవిడ మా రైమొండాని అందరి ముందూ మెచ్చుకుందట. ఆ రోజు రైమొండా నడక చూడాలి.

ఆమె ఇంటివి మట్టి ఇటుకల మందపాటి గోడలు, లోపల సిగ్నలు అందదు. అందుకని ఎనిమిది కొట్టే వేళకి నా కొట్టుకి వచ్చేది. గల్లాపెట్టె పక్కన ఫోను పెట్టుకుని వరసగా రింగులిచ్చేది. తర్వాత ఒక్కో రింగూ తిరిగి వస్తుంటే, ఎత్తకుండా పేరు చూసి, ‘గుచ్చుకున్నాడు’, ‘గుచ్చుకుంది’ అని పైకి చదివేది. బయటివాళ్ళు వింటే ఏమనుకుంటారోనని నాకు నవ్వొచ్చేది. రింగులన్నీ వచ్చాక ఇంటికి పోయి తనూ గుచ్చుకునేది.

మికేలా ఆ వరసలోకి ఆలస్యంగా వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. తండ్రికి టొరీనో నగరంలో ఫ్యాక్టరీ పని పోవడంతో కుటుంబమంతా ఊరికి తిరిగొచ్చింది. తండ్రి దొరికినచోటల్లా కూలికి పోయేవాడు, తల్లి సముద్రపు ఒడ్డున హోటల్ వంటగదిలో సాయంత్రం పని. మా పిల్లలకి సూది అంటే దాపరికం లేదు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ పిల్ల అలా కాదు. టొరీనోలో క్లాసులో ఒక్కళ్ళకి కూడా తెలియకుండా బతికింది. రక్తం ఎక్కించుకునే రోజున దంతాల డాక్టరు దగ్గరికి అని చెప్పి వచ్చేదట. ఆమెకి గదిలో పిల్లలు చెప్పిందల్లా ఇంతే: ‘ఎనిమిదింటికి రైమొండా పిన్ని రింగిస్తుంది, తిరిగివ్వు, లేదంటే ఇంటిమీదికొస్తుంది.’

అందరికన్నా ముందు తిరిగొచ్చేది ఆ పిల్ల రింగే.

“చూశావా బస్తియానా, టొరీనో పిల్ల,” అనేది రైమొండా నాతో. “నేను కట్ చేశానో లేదో వచ్చేస్తుంది. ముందే గుచ్చుకుని కూర్చుంటుందన్నమాట. అదీ క్రమశిక్షణ అంటే.”

మిగతా పిల్లల దగ్గర కూడా ఆ పాటే పాడేది. ‘మికేలాని చూసి నేర్చుకోండి’ అని.

వసంతంలో పరీక్షలు చేస్తే అందరికీ ఇనుము దిగింది, మికేలాకి పెరిగింది. కొంచెం కాదు, బాగా పెరిగింది. డాక్టరమ్మ ఆ పిల్ల కుర్చీ దగ్గర నిలబడి, రోజూ ఎక్కించుకుంటున్నావా అని అడిగింది. ఊఁ అంది పిల్ల. డాక్టరమ్మకి నమ్మకం కుదరలేదు. “ఆసుపత్రిలో చేర్చుకుని మేమే ఎక్కిస్తాం. గుండెమీద పడకముందే చూసుకోవాలి,” అంది.

పక్క కుర్చీలో చేతికి రక్తం ఎక్కుతూ కూర్చున్న రైమొండాకి అది తనని అన్నట్టే ఉంది. “దానికి నేను హామీ డాక్టరమ్మా. రోజూ ఎనిమిదింటికి రింగొస్తుంది, ఒక్క రోజు తప్పలేదు. మందు సరిపోవట్లేదేమో, అది చూడండి. పిల్లని అనుమానించకండి.”

“అంత గట్టిగా చెప్తున్నావా?”

“నా తలమీద ఒట్టు.”

డాక్టరమ్మ మందు మోతాదు పెంచింది. ఆసుపత్రి మాట ఇంకో నెల చూసి చెబుతానంది. ఇదంతా ఆ సాయంత్రం రైమొండానే నాకు చెప్పింది. డాక్టర్ని కూడా ఒప్పించానని మురిసిపోతూ చెప్పింది. మికేలా మొహం ఎలా ఉందో చూశావా అని నేనూ అడగలేదు.

జూన్ నెలలో మా దగ్గర ఎనిమిదింటికి ఇంకా ఎండ ఉంటుంది. ఆ సాయంత్రం కొట్టు తలుపు తీసే ఉంది. రైమొండా వీధివైపు వీపు పెట్టి, గల్లా మీద మోచేతులు ఆనించి రింగులిస్తోంది. నేను ఆమెకి ఎదురుగా ఉన్నాను కాబట్టి వీధంతా నాకు కనిపిస్తోంది. ఎదురుగా చర్చి అరుగు మీద అమ్మాయిలు నలుగురు, స్కూటరు మీద ఒక అబ్బాయి. మధ్యలో మికేలా, చేతిలో ఐస్‌క్రీము. రెండో చేతిలో ఉన్న ఫోను ఒక్కసారి వెలిగింది. మికేలా దాని వైపు చూడను కూడా లేదు. స్కూటరు అబ్బాయి ఏదో అన్నదానికి నవ్వుతూనే, బొటనవేలితో రెండు నొక్కులు నొక్కింది.

గల్లా మీద రైమొండా ఫోను మోగి ఆగింది.

“మికేలా. గుచ్చుకుంది,” అంది రైమొండా.

చెప్పకుండా ఉంటే ఆ సాయంత్రం ఎప్పటిలాగే గడిచిపోయేది. కానీ ఎఫీజియో శవపేటిక నేనూ చూశాను.

“ఎక్కడ గుచ్చుకుందే,” అన్నాను. “వెనక్కి తిరుగు.”

తిరిగింది. ఆ వేసవిలో అమ్మాయిలందరూ బొడ్డు కనిపించే కురచ చొక్కాలే తొడిగేవాళ్ళు. రైమొండా చూసింది ఐస్‌క్రీమునీ కాదు, అబ్బాయినీ కాదు. ఆ పొట్టని. నున్నగా ఉంది. గొట్టం లేదు సరే, ఒక్క మచ్చ లేదు, వాపు లేదు, గట్టిపడిన బొడిపె ఒక్కటి లేదు. రోజూ గుచ్చుకునే పొట్ట ఎలా ఉంటుందో రైమొండాకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె మొహం తెల్లబడిపోయింది.

“మికేలా, ఒకసారిలా రా,” అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. అది విని నాకు ఇంకా భయమేసింది.

పిల్ల ఐస్‌క్రీము నాకుతూ వచ్చింది. “ఏంటి పిన్నీ?”

“తలుపు దగ్గరికెయ్.” వేసింది. “ఇప్పుడు రింగిచ్చావు కదా. సూదేది?”

మికేలా నా వైపు చూసింది. నేను సిగరెట్ పాకెట్లు సర్దుతున్నట్టు నటించాను.

“నువ్వు రింగిచ్చావు, నేను తిరిగిచ్చాను,” అంది చివరికి. “ఎవరిచ్చినా ఇస్తా. ఇవ్వకపోతే బాగోదు కదా.”

“నా రింగు దేనికో నీకు తెలీదా?”

“పలకరించడానికనుకున్నా.” ఐస్‌క్రీము కారి వేళ్ళ మీద పడుతోంది. “మొదట్లో.”

“తర్వాత?”

“తర్వాత తెలిసింది. అప్పటికే నువ్వు అందరి దగ్గరా నా గురించి గొప్పగా చెప్పేస్తున్నావు. ఎలా చెప్పను?”

అందులో అబద్ధం లేదని నాకనిపించింది. మా ఊళ్ళో రింగుకి రింగివ్వడమంటే దండానికి దండం పెట్టడమే, ఆలోచించి చేసే పని కాదు. ఆ అలవాటునే పట్టుకుని రైమొండా ఒట్టుగా లెక్కేసుకుంది. టొరీనోలో పెరిగిన పిల్ల మా అందరికంటే మర్యాదస్తురాలైంది, అంతే. కానీ రైమొండాకి అప్పుడు అదంతా తలకెక్కే స్థితి కాదు.

“డాక్టరమ్మ ముందు నా తలమీద ఒట్టేశా. పక్కనే కూర్చుని విన్నావు. నోరు మూసుకుని కూర్చున్నావు. నిన్ను ఆ రోజే చేర్చుకునేవాళ్ళు, నా మాట మీద ఆపారు. తెలుసా నీకు?”

“నేను ఒట్టేయమన్నానా? నువ్వేమైనా మా అమ్మవా?”

“మీ అమ్మనైతే ఈపాటికి చెంప పగిలేది.”

“గుచ్చుకుంటే ఏమవుతా? నీలాగా అవుతా. అంతేగా.”

నేను గల్లా వెనక నుంచి బయటికి రాబోయాను, ఆ పిల్ల చెవి మెలేద్దామని. రైమొండా చెయ్యెత్తి నన్ను ఆపింది.

“నాలాగా కాదు,” అంది. “నా వయసుకొస్తావు.”

మికేలా తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఐస్‌క్రీము గడప మీద పడి ఉంది, నేను తుడిచాను. రైమొండా గల్లా దగ్గర్నుంచి కదల్లేదు. వచ్చిన ఒక్కో రింగూ ఫోనులో మోగి ఆగుతుంటే, పేరు చదవకుండా ఫోను వైపు చూస్తూ నిలబడింది. ‘వీటిలో ఎన్ని నిజం బస్తియానా’ అనడిగింది.

మర్నాడు పని మానుకుని పట్నం వెళ్ళి డాక్టరమ్మ ముందు తన ఒట్టు వెనక్కి తీసుకుంది. తప్పొప్పుకోవడమంటే ఆమెకి పళ్ళు పీకించుకోవడంతో సమానం, అయినా వెళ్ళింది. డాక్టరమ్మ కోప్పడలేదట. తిట్టి ఉంటే బాగుండేదని రైమొండా అంది. సోమవారం మంచం ఖాళీ అవుతుంది, ఆ రోజే పిల్లని తీసుకురమ్మని డాక్టరమ్మే మికేలా తల్లికి ఫోను చేసింది. ఈలోగా ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పింది.

ఆ సాయంత్రం నుంచి రైమొండా మికేలా నంబరు దాటేసి మిగతావాళ్ళకే రింగులిచ్చింది. అలిగిన రైమొండాతో మాట్లాడటం కంటే రాయితో మాట్లాడటం నయం.

శనివారం ఆమె కాస్త ముందే వచ్చింది. ఎనిమిది కాలేదు ఇంకా. ఫోను గల్లా మీద పెట్టిందో లేదో మోగి ఆగింది. మికేలా.

“చూడు, ముందుగా రింగిస్తోంది,” అన్నాను. “నీ అలక తీర్చుదామని.”

“ఇచ్చుకోనీ.”

మళ్ళీ మోగి ఆగింది. రైమొండా ఫోను బోర్లా తిప్పి పెట్టింది.

“ఒక్క రింగివ్వవే. పసిపిల్ల.”

“రింగులతో సరిపెట్టుకోవడం అయిపోయింది బస్తియానా. ఏదన్నా చెప్పాలంటే నా మొహం చూసి చెప్పమను.”

మూడోసారి మోగింది. ఈసారి ఆగలేదు.

మా ఇద్దరికీ ఒకేసారి అది తెలిసింది. ఒక్క మోత అవగానే ఆగాలి. రెండో మోత కూడా మోగింది. ఊళ్ళో ఎవరూ రెండో మోతదాకా పోనివ్వరు, అవతల పొరపాటున ఎత్తేస్తారని భయం. మూడో మోత మోగింది. రైమొండా చెయ్యి ఫోను మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎత్తకూడదని అలవాటైన చెయ్యి. “ఎత్తవే,” అన్నాను నేను.

ఎత్తింది. “మికేలా?”

ముందు ఊపిరి వినిపించింది. పరిగెత్తుకొచ్చిన కుక్క ఊపిరిలాగా. తర్వాత, “పిన్నీ, గుండె...” అంది. అంతే. కార్డు అయిపోయి ఫోను తెగింది.

కొట్టు తలుపు వేశానో లేదో నాకు గుర్తు లేదు. రైమొండాకి పరుగంటే పడదు, రక్తం ఎక్కించుకునే రోజు దగ్గర పడ్డప్పుడు అసలే పడదు. ఆ సాయంత్రం నేను ఆమెని అందుకోలేకపోయాను. చర్చి వెనక సందులో ఉన్న ఆ ఇంటికి వెళ్ళేసరికి తలుపుకే బయట తాళంచెవి ఉంది, మా ఊళ్ళో అలాగే వదిలేస్తారు. మికేలా వంటగదిలో ఫ్రిజ్‌కి వీపు ఆనించి కింద కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చొక్కా మీంచే కనిపిస్తోంది, గుండె ఎలా పడితే అలా ఎగిరెగిరి పడుతోంది. ఒళ్ళోనే విప్పిన మందు సీసా, సూది. పొట్టమీద కొత్త మచ్చలు రెండో మూడో ఉన్నాయి. కొట్లో ఆ గొడవ తర్వాత మొదలుపెట్టిందన్నమాట.

నేను అంబులెన్సుకి చేశాను. పట్నం నుంచి రావాలి. రైమొండా నేలమీద కూర్చుని ఆ పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది.

“అంబులెన్సుకి చెయ్యొచ్చు కదే. దానికి కార్డులో డబ్బులక్కర్లేదు కదా.”

“సైరనుతో వస్తారు,” అంది మికేలా. ఒక్కో మాటకీ ఆగుతోంది. “వీధంతా చూస్తారు.”

“చూడనీ. వీధికి వేరే పనేముంది.”

“మొదట ఊరికే రింగిచ్చా. నువ్వు తిరిగివ్వలేదు.”

“ఇవ్వలేదు.”

“ఎత్తుతావని అనుకోలేదు.”

రైమొండా తలెత్తి నన్ను చూసింది. నేనామెని చిన్నప్పటినుంచీ ఎరుగుదును, అన్న పోయిన రోజు కూడా ఆ కళ్ళలో అంత భయం చూడలేదు. “మాట్లాడుతూ ఉండు,” అంది పిల్లతో. “నన్ను తిట్టు, పర్లేదు. ఆ స్కూటరు వాడి పేరేంటి?”

“చెప్పను.”

“అంటే నువ్వు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? వాడి తాత మా సంఘంలోనే వలలు కడతాడు. వాడికి కూడా సగం జబ్బు ఉండే ఉంటుంది, ఊళ్ళో ఎవడికి లేదు. ఊపిరి పీల్చు. కళ్ళు మూయకు.”

అలా కబుర్లు చెబుతూనే ఉంది. సైరను వినిపించేదాకా నోరు ఆపలేదు. వీధంతా నిజంగానే గుమ్మాల్లోకి వచ్చి చూసింది. మికేలాని స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే రైమొండా తన స్వెటరు విప్పి ఆమె మొహం కనబడకుండా అడ్డం పట్టుకుని నడిచింది.

గుండె లయ తప్పింది, సమయానికి వచ్చారు అన్నారు ఆసుపత్రిలో. ఎన్నో రోజులు నరంలోకి మందు పగలూ రాత్రీ ఎక్కించారు. డాక్టరమ్మ తల్లినీ పిల్లనీ రైమొండానీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది. ఇంటికి పోయాక రోజూ సూది పడితే ఈ గుండె మెల్లగా తేరుకోవచ్చు. మానేస్తే ఇంకోసారి ఫోను చేసే వ్యవధి కూడా ఇవ్వదు. రైమొండా బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చి, ఈ మాటలు చెప్పి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆ రోజు ఏ జోకూ వేయలేదు.

ఆగస్టు పండగ ముందు మికేలా ఇంటికొచ్చింది. తల్లికి హోటల్లో ఏడాదికల్లా పెద్ద రద్దీ, సెలవు దొరకలేదు. ఆ సాయంత్రం రైమొండా కొట్టుకి వచ్చినప్పుడు చేతిలో సంచి ఉంది. అందులో తన పంపు, మందు నింపిన సిరంజి, సూది. “రింగులు మానేశా,” అంది. “అందరికీ ఫోను చేసి అడుగుతా. గొంతు విన్నాక ఎవడు కోతలు కోస్తున్నాడో నాకు తెలుస్తుంది. ఈ పిల్ల గుచ్చుకోనంటే ఇటునుంచి ఇటే వాళ్ళింటికి పోతా.”

ముందు మికేలాకే చేసింది. ఒక మోత, రెండో మోత. అవతల ఎత్తారు.

“గుచ్చుకున్నావా?”

ఆ ఇంట్లో టీవీ చప్పుడు నాక్కూడా సన్నగా వినపడుతోంది.

“లేదు పిన్నీ,” అంది మికేలా.

ఇక రైమొండా విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మొహంలో కోపం లేదు. ఆ పిల్ల నోటినుంచి ‘లేదు’ అన్న మాట ఆమె వినడం అదే మొదటిసారి.

“సూది చేతిలో ఉందా?”

“ఉంది. ఇందాకట్నుంచీ ఉంది. చెయ్యి రావట్లేదు. భయమేస్తోంది.”

“నాకూ వేస్తుంది. రోజూ వేస్తుంది. ఫోను పెట్టెయ్యకు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకో.” తనూ అలాగే ఇరికించుకుని, నా కొట్టు నడిమధ్యలో చొక్కా గుండీలు విప్పింది. పొట్టంతా పాత మచ్చలు, గడ్డలు. కొత్తగా గుచ్చడానికి చోటు వెతుక్కోవాలి. అప్పుడే సిగరెట్ల కోసం పెద్దాయన ఒకాయన లోపలికొచ్చి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. “అటు తిరుగు బాబాయ్,” అంది రైమొండా తలెత్తకుండా. ఆయన గోడవైపు తిరిగి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“చర్మం రెండు వేళ్ళతో పట్టుకున్నావా?”

“ఊఁ.”

“నేనూ పట్టుకున్నా. మూడంటే ఇద్దరం. ఒకటి. రెండు.”

మూడు అంది, తను గుచ్చుకుంది. పెదవి కొరుక్కుంది. అవతలినుంచి చప్పుడు లేదు. టీవీ కూడా వినబడటం లేదు, ఎవరో ఆపేసినట్టుంది. రైమొండా ఫోనుని చెవికి ఇంకా నొక్కుకుంది. నేను గల్లా అంచు పట్టుకున్నాను.

“మికేలా?”

అప్పుడు ఫోనులో చిన్న చప్పుడు. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. పంపు తిరుగుతోంది. రైమొండా ఫోను నా చెవి దగ్గర పెట్టింది, నిజమో కాదో నన్ను కూడా వినమని. ఆ చప్పుడు వెనక సన్నగా ముక్కు ఎగబీల్చుకుంటున్న మికేలా, “ఎక్కుతోంది పిన్నీ,” అంది.

“అయిందా అమ్మా?” అన్నాడు పెద్దాయన గోడవైపే చూస్తూ.

రైమొండా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతోంది, కన్నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి.

“అయింది బాబాయ్,” అని నేనే చెప్పాను.